పట్టువిడుపులు తెలిసిన ప్లాటినం

దక్షిణాఫ్రికాలో బుష్‌వెల్డ్ అనే ప్రాంతం ఉంది. ప్రపంచంలో ఏటా గనుల నుంచి వచ్చే ప్లాటినంలో చాలా భాగం అక్కడిదే. 1924లో హాన్స్ మెరెన్‌స్కీ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడ గుర్తించిన రాతిపొరను ఈనాటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆ పొర కోసం భూమిలోకి వందల మీటర్లు దిగి, టన్ను రాయి పైకి తెచ్చి, పిండి చేసి, కరిగించి, శుద్ధి చేస్తే చేతికి వచ్చే ప్లాటినం కొద్ది గ్రాములు. 2014 డిసెంబరులో టొయోటా కంపెనీ జపాన్‌లో అమ్మకానికి పెట్టిన మిరాయ్ అనే హైడ్రోజన్ కారులో సుమారు 30 గ్రాముల ప్లాటినం ఉందని అంచనా. ఒక్క కారు కోసం ఎంత రాయి కదిలిందో మీరే లెక్క వేసుకోండి.

పెట్రోలు కారులో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోనూ ప్లాటినం జాతి లోహాలు ఉంటాయి. అవి కొద్ది గ్రాములే. హైడ్రోజన్ బండి నలుగురికీ అందుబాటులోకి రావాలంటే అదీ ఆ స్థాయికి దిగాలి. దిగాక కూడా ఏళ్ల తరబడి నడవాలి. మొదటి దాని గురించి పత్రికల్లో వార్తలు తరచూ వస్తుంటాయి. రెండో దాని గురించి పెద్దగా రావు. నా దృష్టిలో అసలు కష్టమంతా రెండో దానిలోనే ఉంది. అందుకే ఈ ప్రసంగంలో దాని మీద కాస్త ఎక్కువసేపు నిలబడతాను.

ముందు యంత్రం సంగతి. ఫ్యూయెల్ సెల్‌లో మంట ఉండదు. ఒక పక్క నుంచి హైడ్రోజన్, మరో పక్క నుంచి గాలి వస్తాయి. మధ్యలో పలుచని ప్లాస్టిక్ పొర. ఆ పొర ప్రోటాన్లను దాటనిస్తుంది, ఎలక్ట్రాన్లను దాటనివ్వదు. హైడ్రోజన్ వైపున్న ఎలక్ట్రోడు పేరు ఆనోడ్. అక్కడ హైడ్రోజన్ అణువు విడిపోయి ప్రోటాన్లు, ఎలక్ట్రాన్లు అవుతుంది. ప్రోటాన్లు పొరలోంచి నేరుగా అవతలికి పోతాయి. ఎలక్ట్రాన్లకు ఆ దారి లేదు కాబట్టి తీగ గుండా చుట్టు తిరిగి పోవాలి. ఆ చుట్టుదారిలో మోటారు ఉంటుంది. అవతల క్యాథోడ్ దగ్గర గాలిలోని ఆక్సిజన్, పొర దాటి వచ్చిన ప్రోటాన్లు, తీగ గుండా వచ్చిన ఎలక్ట్రాన్లు కలిసి నీళ్లవుతాయి.

1839లో వేల్స్‌కు చెందిన విలియం గ్రోవ్ ప్లాటినం పట్టీలను ఆమ్లంలో ముంచి, ఒకదానికి హైడ్రోజన్, ఇంకోదానికి ఆక్సిజన్ తగిలేలా చేసి కరెంటు పుట్టించాడు. ఆయన వృత్తి రీత్యా న్యాయవాది, తర్వాత న్యాయమూర్తి కూడా అయ్యాడు. నూట ఎనభై ఏళ్లు దాటాయి. ఆమ్లం పోయి ప్లాస్టిక్ పొర వచ్చింది, పట్టీలు పోయి నల్లటి పొడి వచ్చింది, 1965లో ఫ్యూయెల్ సెల్ జెమిని-5 నౌకతో పాటు అంతరిక్షానికీ వెళ్లింది. ప్లాటినం మాత్రం కదల్లేదు. వాడే మోతాదు తగ్గిందంటే అది 1980లలో. అంతకు ముందు చదరపు సెంటీమీటరుకు 4 మిల్లీగ్రాముల ప్లాటినం పూసేవారు. అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఇయాన్ రైస్ట్రిక్, కార్బన్ మీద అంటించిన ప్లాటినం కణాలు తీసుకుని, ఆ ప్లాస్టిక్ పొరకు వాడే పదార్థాన్నే ద్రావణంగా చేసి ఎలక్ట్రోడులోకి ఇంకించాడు. అంతవరకూ ప్రోటాన్లు చేరని మూలల్లో ఊరికే పడి ఉన్న ప్లాటినం కూడా పనిలోకి వచ్చింది. మోతాదు 0.4 మిల్లీగ్రాములకు పడిపోయింది. కొత్త లోహమేమీ కనిపెట్టకుండా, ఉన్నదాన్ని పనిచేసేలా చేసి పదో వంతుకు దించారు. దీనికి రావలసినంత పేరు రాలేదని నాకు అనిపిస్తుంది.

ఇక్కడి నుంచి కథ క్యాథోడ్ వైపు తిరుగుతుంది. హైడ్రోజన్‌ను విడగొట్టడం ప్లాటినానికి చిటికెలో పని. ఆనోడ్ వైపు చదరపు సెంటీమీటరుకు 0.05 మిల్లీగ్రాములు, ఇంకా తక్కువైనా సరిపోతుంది. ఆక్సిజన్ అలా లొంగదు. దాని రెండు పరమాణువుల మధ్య బంధం చాలా గట్టిది. ఆ బంధం తెగాలి, నాలుగు ఎలక్ట్రాన్లు, నాలుగు ప్రోటాన్లు వరసగా చేరాలి, చివరికి రెండు నీటి అణువులు బయటికి రావాలి. ప్లాటినం మీదైనా ఈ చర్య హైడ్రోజన్ చర్య కంటే లక్ష రెట్లకు పైగా నెమ్మది. సిద్ధాంత ప్రకారం ఒక సెల్ 1.23 వోల్టులు ఇవ్వాలి. బండి నడుస్తున్నప్పుడు వచ్చేది 0.65, 0.7 వోల్టులు. పోయిన దానిలో పెద్ద వాటా క్యాథోడ్ దగ్గరే పోతుంది, వేడిగా.

ప్లాటినం ఎందుకు మందగిస్తుంది? ఆక్సిజన్‌ను పట్టుకోలేక కాదు, పట్టుకున్నదాన్ని వదలలేక. చర్య మధ్యలో ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్ కలిసిన హైడ్రాక్సిల్ అనే ముక్క లోహం మీద కూర్చుంటుంది. అది ఇంకో ప్రోటాన్‌ను, ఎలక్ట్రాన్‌ను తీసుకుని నీరై లేచిపోవాలి. ప్లాటినం దాన్ని కాస్త గట్టిగా పట్టుకుంటుంది. అది లేచేదాకా ఆ చోటు కొత్త ఆక్సిజన్‌కు దొరకదు. గోదావరి రేవులో పంటు దాటేవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. అవతలి గట్టున జనం దిగితేనే పంటు తిరుగు ప్రయాణం కడుతుంది. బంగారం ఆక్సిజన్‌ను అసలు ఎక్కించుకోదు, నికెల్ ఎక్కించుకున్నదాన్ని దించదు. ప్లాటినం ఈ రెండింటి మధ్యనే ఉన్నా కొంచెం నికెల్ వైపుకు ఒరిగి ఉంది.

పట్టు మరీ బిగుతుగానూ, మరీ వదులుగానూ ఉండకూడదని ఫ్రాన్స్ రసాయన శాస్త్రవేత్త పాల్ సబాటియే చాలా ముందే గ్రహించాడు. ఆయనకు 1912లో నోబెల్ బహుమతి వచ్చింది. కానీ ఎంత బిగుతు, ఎంత వదులు అన్నది అంకెల్లో తేలడానికి కంప్యూటర్లు రావలసి వచ్చింది. 2004లో డెన్మార్క్‌లో యెన్స్ నోర్‌స్కోవ్ బృందం రకరకాల లోహాల మీద ఆక్సిజన్ ఎంత బలంగా అంటుకుంటుందో లెక్క కట్టి, చర్య వేగంతో కలిపి గీత గీసింది. ఒక శిఖరం ఉన్న కొండ ఆకారం వచ్చింది. ప్లాటినం ఆ శిఖరానికి దగ్గరగా ఉంది, శిఖరం మీద లేదు. ఆక్సిజన్ మీద ప్లాటినం పట్టు సుమారు 0.2 ఎలక్ట్రాన్ వోల్టులు సడలితే చాలు, శిఖరం చేరుతుంది. ఒక్కసారిగా వెతుకులాటకు దిక్కు దొరికింది.

ఆ కొద్దిపాటి సడలింపు కోసమే మిశ్రలోహాలు. నికెల్, కోబాల్టు, ఇనుము, రాగి లాంటివి కలిపేది ప్లాటినం ఖరీదు తగ్గించడానికేనని చాలామంది అనుకుంటారు. ఖరీదు తగ్గుతుంది, అది కొసరు లాభం. అసలు ఉద్దేశం ప్లాటినం స్వభావాన్ని మార్చడం. ప్లాటినంలో పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 0.277 నానోమీటర్లు, నికెల్‌లో 0.249. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షవ వంతు. లోపల నికెల్ ఉండి పైన ప్లాటినం పొర ఉంటే, లోపలి ఇరుకుకు తగ్గట్టు పైపొర కూడా దగ్గరికి జరుగుతుంది. పరమాణువులు దగ్గరికి జరిగితే వాటి ఎలక్ట్రాన్ల మట్టాలు కిందికి దిగుతాయి, ఆక్సిజన్ మీద పట్టు సడలుతుంది. దీనికి తోడు, కింద ఉన్న నికెల్ పైనున్న ప్లాటినం ఎలక్ట్రాన్లను నేరుగా కూడా ప్రభావితం చేస్తుంది. ఒకటి ఒత్తిడి ప్రభావం, రెండోది ఇరుగుపొరుగు ప్రభావం. రెండోది రెండు మూడు పొరల దాకానే పనిచేస్తుంది, మొదటిది ఇంకాస్త లోతు నుంచి కూడా తగులుతుంది.

నికెల్ పైకి మాత్రం రాకూడదు. సెల్‌లోని ప్లాస్టిక్ పొర స్వభావంలో గాఢమైన ఆమ్లం. నికెల్, కోబాల్టు దానికి తగిలాయంటే కరిగిపోతాయి. అంచేత పైన శుద్ధ ప్లాటినం, దాని కింద నికెల్ లేదా కోబాల్టు. ఈ రంగంలోని వాళ్లు దీన్ని ప్లాటినం చర్మం అంటారు.

2007లో షికాగో దగ్గరి ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో వోయిస్లావ్ స్టామెన్‌కోవిచ్, నెనాద్ మార్కోవిచ్, వారి సహచరులు ఈ చర్మం ఎంత చేయగలదో చూపించారు. మూడు పాళ్ల ప్లాటినానికి ఒక పాలు నికెల్ కలిపి పెద్ద స్ఫటికం పెంచి, దాన్ని ఒక ప్రత్యేకమైన కోణంలో కోశారు. స్ఫటిక శాస్త్రంలో ఆ ముఖాన్ని 111 అంటారు. ఆ ముఖంలో ప్రతి పరమాణువు చుట్టూ ఆరు పరమాణువులు ఒత్తుగా అమరి ఉంటాయి. శూన్యంలో వేడి చేస్తే పైపొర మొత్తం ప్లాటినం అయింది, రెండో పొరలో సగం దాకా నికెల్ చేరింది. ఆ ముఖం మీద చర్య శుద్ధ ప్లాటినం 111 ముఖం మీద కంటే పది రెట్లు, అప్పటికి బండ్లలో వాడుతున్న ప్లాటినం పొడి మీద కంటే తొంభై రెట్లు వేగంగా జరిగింది. ఆ రోజు నుంచి ఈ రంగంలో అందరి కళ్లూ ఆ తొంభై మీదే. కానీ అది వేలి గోరంత స్ఫటికం, బండిలో పెట్టేది కాదు. ఆ ముఖాన్ని నానో కణం మీదికి దించాలి.

నానో కణాలు ఎందుకంటే, లోపల ఉన్న ప్లాటినం పనికిరాదు, పైన ఉన్నదే చర్యలో పాల్గొంటుంది. మూడు నానోమీటర్ల కణంలో దాదాపు తొమ్మిది వందల పరమాణువులు ఉంటాయి. వాటిలో మూడో వంతుకు కాస్త పైగా ఉపరితలం మీద ఉంటాయి. గ్రాము ప్లాటినాన్ని ఆ సైజు కణాలుగా చేస్తే వాటి ఉపరితలం మొత్తం తొంభై చదరపు మీటర్ల పైమాటే. అయితే ఇంకా చిన్నవి చేస్తూ పోతే లాభం ఆగిపోతుంది. రెండు నానోమీటర్ల లోపు కణాల్లో మూలలు, అంచులు ఎక్కువ. అక్కడి పరమాణువులకు ఇరుగుపొరుగు తక్కువ. అందుకని హైడ్రాక్సిల్‌ను మరింత గట్టిగా పట్టుకుంటాయి, ఆమ్లంలో త్వరగా కరుగుతాయి కూడా.

ఎనిమిది ముఖాలూ 111 గానే ఉండే ఆకారం ఒకటుంది, అష్టఫలకం. నాలుగు పలకల పిరమిడ్లు రెండు అడుగులు ఆనించి పెడితే వచ్చే రూపం. ప్లాటినం, నికెల్ లవణాలను ద్రావకంలో కలిపి, ఏ ముఖం ఎదగాలో ఏది ఆగాలో నిర్ణయించే పదార్థాలు చేర్చి, ఉష్ణోగ్రత జాగ్రత్తగా పట్టి ఉంచితే పది నానోమీటర్ల లోపు అష్టఫలకాలు వస్తాయి. చాలామంది చేశారు. ప్రయోగశాల కొలతల్లో అంకెలు గొప్పగా వచ్చాయి.

ఆ కొలత ఎలా తీస్తారో దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఈ రంగంలో సగం ఆశలు, సగం ఆశాభంగాలు అక్కడి నుంచే పుడతాయి. ఐదు మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న కార్బన్ బిళ్లను మెత్తటి అల్యూమినా పొడితో నీడ కనిపించేదాకా రుద్దుతారు. ఉత్ప్రేరకం, అంటే చర్యను వేగిరపరిచే ఆ ప్లాటినం పొడికి నీళ్లు, ఆల్కహాలు, కొద్దిగా పొర ద్రావణం కలిపి అల్ట్రాసోనిక్ తొట్టిలో పెట్టి సిరా చేస్తారు. అందులోంచి పది మైక్రోలీటర్ల చుక్క బిళ్ల మీద వేస్తారు. అది అంచు దాకా సమంగా పరుచుకుని ఆరాలి. మధ్యలో పలచబడి అంచున వలయం కట్టిందంటే కొలత వృథా. ఆరిన మచ్చలో ఉండే ప్లాటినం నాలుగైదు మైక్రోగ్రాములు. బిళ్లను కిందికి తిప్పి పెర్‌క్లోరిక్ ఆమ్లంలో ముంచి, ఆమ్లం నిండా ఆక్సిజన్ పంపి, నిమిషానికి 1600 చుట్లు తిప్పుతారు. పాత్ర కడగడంలో పొరపాటు జరిగి కుళాయి నీటి క్లోరైడు రవ్వంత మిగిలినా అంకె పడిపోతుంది. 0.9 వోల్టుల దగ్గర వచ్చిన కరెంటును ప్లాటినం బరువుతో భాగిస్తారు. అసలు సెల్‌లో ఆ అంకె మిల్లీగ్రాముకు 0.44 ఆంపియర్లు ఉండాలని అమెరికా ఇంధన శాఖ లక్ష్యం పెట్టుకుంది.

అష్టఫలకాలు గిన్నెలో ఈ లక్ష్యాన్ని ఎన్నో రెట్లు దాటాయి. తర్వాత ఏం జరిగిందో 2013లో బెర్లిన్‌లోని పీటర్ స్ట్రాసర్ బృందం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూపించింది. ఆ కణాల్లో ప్లాటినం, నికెల్ సమంగా కలిసి లేవు. కణం పెరిగేటప్పుడే ప్లాటినం అంచులకు, మూలలకు చేరింది, ముఖాల్లో నికెల్ మిగిలింది. వోల్టేజీ పైకీ కిందికీ ఆడించగానే ముందు కరిగింది ముఖాల్లోని నికెల్. ముఖాలు లోపలికి గుంటపడ్డాయి. ఏ 111 ముఖాల కోసం ఆ ఆకారం చెక్కారో ఆ ముఖాలే ముందు పోయాయి. నాకు ఈ రంగంలో చాలా ఇష్టమైన పరిశోధన ఇది. అంతవరకూ సగటు అంకెలు చూసి తృప్తి పడినవాళ్లకు, ఏ పరమాణువు ఎక్కడ ఉందో తెలియకుండా రూపకల్పన అనే మాటకు అర్థం లేదని ఇది తెలియజెప్పింది.

అదే బలహీనతను మరుసటి ఏడాది బర్క్‌లీలో పైడాంగ్ యాంగ్, ఆర్గాన్‌లో స్టామెన్‌కోవిచ్ బృందాలు బలంగా మార్చుకున్నాయి. వాళ్లు నికెల్ పాలు ఎక్కువగా ఉన్న పన్నెండు ముఖాల కణాలు చేశారు. అంచులకు ప్లాటినం చేరనిచ్చారు. ఆ తర్వాత ద్రావణంలో గాలి తగిలేలా ఉంచితే లోపలి నికెల్ దానంతట అదే కరిగిపోయింది, అంచుల చట్రం మిగిలింది. లోపల బోలుగా ఉన్న ఆ చట్రానికి లోపలి వైపు, బయటి వైపు రెండూ పనిచేసే ఉపరితలాలే. దాన్ని వేడి చేస్తే ప్లాటినం చర్మం కట్టింది. బరువుకు తగ్గ చురుకుదనం మామూలు ప్లాటినం పొడి కంటే 36 రెట్లు పెరిగింది.

2015లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో యూ హువాంగ్ బృందం ఇంకో దారి పట్టింది. అష్టఫలకం ఉపరితలంలో మాలిబ్డినం కొద్దిగా చేర్చింది. ఎనిమిది వేల సార్లు వోల్టేజీ ఆడించాక మాలిబ్డినం లేని కణాల చురుకుదనం మూడింట రెండు వంతులు పోయింది. మాలిబ్డినం ఉన్నవాటిలో పోయింది ఐదారు శాతమే. మరుసటి ఏడాది అదే విశ్వవిద్యాలయం నుంచి గరుకు నానో తీగలు వచ్చాయి. ప్లాటినం నికెల్ తీగలోంచి నికెల్ మొత్తాన్ని విద్యుత్తుతో బయటికి లాగేస్తే మిగిలిన ప్లాటినం గుంటలు మిట్టలుగా, ఒత్తిడి వదలకుండా నిలబడింది. మిల్లీగ్రాముకు 13.6 ఆంపియర్లు వచ్చాయి. నేను చెప్పిన లక్ష్యానికి ముప్ఫై రెట్లు.

లక్ష్యాన్ని ముప్ఫై రెట్లు దాటేశాక ఇంకా ఏం మిగిలిందని మీరు అడగవచ్చు. చాలా మిగిలింది. ఆ అంకె నాలుగైదు మైక్రోగ్రాముల మచ్చ మీద, ఆమ్లంలో తడుస్తూ, గది ఉష్ణోగ్రతలో వచ్చింది. బండిలోని సెల్ 80 డిగ్రీల దగ్గర నడుస్తుంది. అక్కడ ద్రవం ఉండదు. ప్రోటాన్లను తెచ్చేది కణాల చుట్టూ పూసిన ప్లాస్టిక్ ద్రావణం తాలూకు అతి పలుచని పూత. ఆ పూతలోని సల్ఫోనేట్ గుంపులు ప్లాటినం మీదికి వచ్చి అంటుకుని పనిచేసే చోట్లను కప్పేస్తాయి. ప్లాటినం తగ్గించేకొద్దీ ప్రతి కణం దగ్గరికీ ఎక్కువ ఆక్సిజన్ చేరాలి, అదీ ఆ పూతలోంచే దూరాలి. అందువల్ల కరెంటు తక్కువగా ఉన్నప్పుడు గొప్పగా కనిపించిన ఉత్ప్రేరకం, బండి ఘాటెక్కేటప్పుడు చతికిలపడుతుంది. గిన్నెలో మెరిసిన ఉత్ప్రేరకాల్లో సెల్‌లో అదే మెరుపు చూపినవి చాలా తక్కువ.

ఈ ఇబ్బందికి మంచి జవాబు మిశ్రలోహం నుంచి రాలేదు, దాన్ని మోసే కార్బన్ నుంచి వచ్చింది. 2018లో జనరల్ మోటార్స్ పరిశోధకులు కార్బన్ రంధ్రాల నోళ్లు నాలుగు నుంచి ఏడు నానోమీటర్లు ఉండేలా చూసుకుని, ప్లాటినం కోబాల్టు కణాలను ఆ రంధ్రాల లోపల కూర్చోబెట్టారు. ప్లాస్టిక్ పూత ఆ నోట్లోంచి లోపలికి పట్టదు కాబట్టి ప్లాటినాన్ని తాకదు. లోపల చేరిన నీటిలోంచి ప్రోటాన్లు వస్తాయి, ఆక్సిజనూ వస్తుంది. రైస్ట్రిక్ ప్లాటినం కణాలన్నిటికీ ప్లాస్టిక్ అంటించి పదో వంతుకు దించితే, వీళ్లు అదే ప్లాస్టిక్‌ను కణాలకు తగలనివ్వకుండా ఇంకొంచెం దించారు.

ఇప్పుడు మన్నిక సంగతి. యాక్సిలరేటర్ తొక్కితే సెల్ వోల్టేజీ పడుతుంది, వదిలితే లేస్తుంది. లేచినప్పుడు ప్లాటినం మీద పలుచగా ఆక్సైడు కడుతుంది, పడినప్పుడు పోతుంది. ఈ రాకపోకల్లో కొన్ని పరమాణువులు కరిగి అయాన్లుగా బయటపడతాయి. కొన్ని పెద్ద కణాల మీద చేరి వాటిని ఇంకా పెద్దవి చేస్తాయి. కొన్ని ప్లాస్టిక్ పొరలోకి చేరి, అవతల నుంచి లీకయ్యే హైడ్రోజన్‌కు ఎదురుపడి, అక్కడే లోహంగా మారి పొర మధ్యలో పట్టీలా మిగిలిపోతాయి. ఆ ప్లాటినం ఇక ఎందుకూ పనికిరాదు. పైచర్మంలో ఇలా ఖాళీలు పడితే కింద ఉన్న కోబాల్టుకు దారి దొరుకుతుంది. అదీ కరిగి పొరలోకి పోయి, ప్రోటాన్లు కూర్చోవలసిన చోట కూర్చుంటుంది. దాంతో రెండు నష్టాలు. ప్లాటినం మీద ఒత్తిడి పోయి అది మళ్లీ మామూలు ప్లాటినం అవుతుంది, పొర కూడా మందగిస్తుంది. ఇనుము కలిపితే ఇంకా ప్రమాదం. సెల్‌లో కొద్దిగా పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడును అది తీవ్రమైన రాడికల్స్‌గా మార్చి ప్లాస్టిక్ పొరనే తినేస్తుంది. ఇనుము మిశ్రమం చురుగ్గా ఉన్నా బండ్ల తయారీదారులు దాని జోలికి పోకుండా కోబాల్టు వైపు మొగ్గడానికి ఇదొక కారణం. మిరాయ్ క్యాథోడ్‌లో ఉన్నదీ ప్లాటినం కోబాల్టే. వదులుగా ఉన్న కోబాల్టు సెల్‌లోకి వెళ్లాక కరగకుండా, పొడిని ముందే ఆమ్లంతో కడిగేస్తారు.

బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో రాదోస్లావ్ ఆజిచ్ ఏళ్ల తరబడి నమ్మిన మార్గం వేరు. పలాడియం కణం మీద సరిగ్గా ఒక్క పరమాణువు మందంలో రాగి పొర కట్టించి, ఆ రాగిని ప్లాటినంతో మార్పిడి చేయడం. ప్లాటినంలో ఒక్క పరమాణువూ లోపల దాగి వృథా కాదు. చూడముచ్చటైన పని. చిక్కల్లా పలాడియం కూడా అరుదైన లోహమే కావడం. మధ్యలో కొన్నేళ్లు దాని ధర ప్లాటినాన్ని మించిపోయింది.

కోబాల్టును లోపలే కట్టి ఉంచడానికి నాకు అన్నిటికంటే నమ్మకం కలిగించేది క్రమబద్ధమైన అమరిక. మామూలు మిశ్రలోహంలో ప్లాటినం, కోబాల్టు పరమాణువులు ఎక్కడ పడితే అక్కడ ఉంటాయి. సరైన పాళ్లలో కలిపి బాగా వేడి చేస్తే ఒక వరస ప్లాటినం, ఒక వరస కోబాల్టు చొప్పున కుదురుకుంటాయి. అప్పుడు ప్రతి కోబాల్టుకూ చుట్టూ ప్లాటినంతో గట్టి బంధాలు ఏర్పడతాయి, కరగడం కష్టమవుతుంది. 2013లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో హెక్టర్ అబ్రూన్యా బృందం 700 డిగ్రీల వద్ద వేడి చేసి ఇలాంటి అమరిక తెచ్చింది, కణాలు చురుకుదనంతో పాటు మన్నికా చూపాయి. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో షౌహెంగ్ సన్, లాస్ అలమోస్ పరిశోధకులతో కలిసి సమపాళ్ల కోబాల్టు ప్లాటినంతో దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు.

అయితే వేడి చేస్తే కణాలు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవైపోతాయి. అమరిక కోసం వేడి కావాలి, చిన్న సైజు కోసం వేడి ఉండకూడదు. ఈ పేచీని 2021లో చైనా శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో హై-వే లియాంగ్ బృందం గంధకంతో తీర్చింది. గంధకం కలిపిన కార్బన్ మీద కణాలను పెంచితే, ప్లాటినానికి గంధకంతో ఉన్న బలమైన బంధం వల్ల అవి కూర్చున్న చోటి నుంచి కదలలేదు. వెయ్యి డిగ్రీల దాకా వేడి చేసినా ఐదు నానోమీటర్ల లోపే ఉండిపోయాయి. ప్లాటినంతో పదహారు లోహాలను రకరకాలుగా జతచేసి 46 మిశ్రమాలు చేసి చూపించారు.

మన దగ్గర ఈ విద్య లేదని కాదు. హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ సంస్థకు చెందిన ఫ్యూయెల్ సెల్ కేంద్రం చెన్నైలో చాలాకాలంగా ఈ సెల్‌లు తయారు చేస్తోంది. 2024 జనవరిలో ఇస్రో పీఎస్‌ఎల్‌వీ చివరి దశను కక్ష్యలోనే ఉంచి అందులో ఒక ఫ్యూయెల్ సెల్ నడిపి చూసింది. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్ల రూపాయలతో హరిత హైడ్రోజన్ మిషన్ ఆమోదించింది. 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో హైడ్రోజన్ కేంద్రానికి శంకుస్థాపన జరిగింది. మాటలూ డబ్బూ ఎక్కువగా హైడ్రోజన్ తయారీ చుట్టూనే ఉన్నాయి. దాన్ని కరెంటుగా మార్చే ప్లాటినం మాత్రం దాదాపు అంతా దిగుమతే. ఒక గ్రాము తగ్గించగలిగినా లాభపడేవాళ్లలో మనం ముందు వరసలో ఉంటాం. అందుకని ఈ నల్లపొడి మీద పనిచేసే రసాయన, లోహశాస్త్ర విద్యార్థులు మన విశ్వవిద్యాలయాల్లో ఇంకా చాలామంది ఉండాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

గత కొన్నేళ్లుగా దృష్టి కార్ల నుంచి లారీలు, బస్సుల వైపు మళ్లింది. రోజంతా రోడ్డు మీద ఉండే బరువు బండికి హైడ్రోజన్ నయమని చాలా దేశాలు భావిస్తున్నాయి. లారీ లెక్క వేరు. కారు సెల్ ఐదు వేలు, ఎనిమిది వేల గంటలు నడిస్తే చాలు. లారీ సెల్ 25,000 గంటలు నడవాలి. అమెరికా ప్రయోగశాలలు కలిసి పెట్టుకున్న లారీ లక్ష్యం చూడండి. చదరపు సెంటీమీటరుకు ప్లాటినం 0.3 మిల్లీగ్రాముల దాకా వాడుకోవచ్చు, అంటే కారు లక్ష్యమైన 0.125 కంటే ఎక్కువే. కానీ గ్రాము ప్లాటినానికి రెండున్నర కిలోవాట్లు రావాలి. అదీ కొత్తగా ఉన్నప్పుడు కాదు, 25,000 గంటల అరుగుదల తర్వాత. లక్ష్యాన్ని బండి జీవితం మొదట్లో కొలవడం మానేసి చివర్లో కొలవడం మొదలుపెట్టారు. ఈ మార్పు రావడానికి ఇన్నేళ్లు పట్టిందేమిటా అనిపిస్తుంది నాకు.

ఆ అరుగుదలను ప్రయోగశాలలో తొందరగా తెప్పించడానికి సెల్ వోల్టేజీని 0.6కీ 0.95కీ మధ్య 90,000 సార్లు ఆడిస్తారు. కొత్త మిశ్రలోహం గురించి పరిశోధన పత్రం చేతికి వస్తే నేను ముందు మొదటి రోజు అంకె దగ్గరికి పోను. ఈ ఆడింపులు పూర్తయ్యాక కణాన్ని అడ్డంగా చూసిన మైక్రోస్కోపు చిత్రం కోసం వెతుకుతాను. అందులో ప్లాటినం చర్మం ఎన్ని పొరలు మందమెక్కింది, దాని కింద కోబాల్టు ఎంత మిగిలింది, కోబాల్టు వరసలు ఇంకా వరసల్లాగే ఉన్నాయా అని చూస్తాను. కొన్ని పత్రాల్లో ఆ చిత్రం ఉంటుంది, చాలా వాటిలో ఉండదు.